పుట్టెంటికల మొక్కు

మా బిడ్డ జుట్టులో ఒక పిచ్చుక కాపురం ఉంటుందని, అది తెలుగు తప్ప ఇంకో భాష మాట్లాడదని, పుణె శివారులో మేము కట్టిన అపార్ట్‌మెంట్ దగ్గర పిల్లలంతా కొంతకాలం నమ్మారు. నమ్మించింది నేనే. తెలకపల్లి వాళ్ళ కవల పిల్లలు, వనపర్తి వాళ్ళ ముగ్గురు, కాపలావాడి మరాఠీ పిల్లలు, అందరూ వంతులేసుకుని వచ్చి ఆ జుట్టుకు చెవి ఆనించి వినేవాళ్ళు. ఏమంటుందిరా అని అడిగితే ఒకడు, "అన్నం అడుగుతుంది" అన్నాడు. వాడు పొద్దున ఏమీ తినలేదని తర్వాత తెలిసింది.

పిచ్చుక సంగతి అటుంచితే, అవి పుట్టువెంట్రుకలు. నాలుగో ఏడు నడుస్తున్నా కత్తెర తగలని జుట్టు. మా అయిజ వైపు వాటిని పుట్టెంటికలు అంటాం. ఇంటి దేవుడికి ఇచ్చేదాకా మంగలి కూడా ముట్టడు. మా ఇంటి దేవుడు బీచుపల్లిలో, కృష్ణ ఒడ్డున ఉండే ఆంజనేయుడు. తీస్తే బేసి ఏడులోనే తీయాలి. మొదటి ఏడు మేము ఊరికి పోయేసరికి దాయాదుల ఇంట్లో చావు జరిగి మైల వచ్చింది. మూడో ఏడు, ఊరికి పోవాల్సిన మా కూలీల గుంపును మేస్త్రి అట్నుంచి అటే ఇంకో సైటుకు తోలాడు. ఇక ఐదో ఏడు దాకా ఆగాలి. దేవుడికి తొందర లేదు. పేలకే ఉంది.

నా భార్య ఈ విషయంలో అంత పట్టుగా ఎందుకుందో చెప్పాలి. ఈ బిడ్డకంటే ముందు మాకొక కొడుకు. వాడినీ ఇలాగే వెంట తీసుకుపోయాం, ఇంకో సైటుకు. ఎండకు తలంతా సెగగడ్డలు లేస్తే, రోడ్డు పక్కన చెట్టుకు అద్దం తగిలించుకుని కూర్చున్న మంగలితో, దేవుడికి ఇవ్వకముందే, గుండు చేయించాం. చల్లగా ఉందని వాడు రెండు చేతులతో తల నిమురుకుంటూ నవ్వాడు. వానలు పడకముందే కామెర్లతో పోయాడు. సైటు వెనక, ముళ్ళ కంపల మధ్య పూడ్చాం. ఆ తర్వాత అక్కడ ప్రహరీ లేపి కార్లు నిలిపే జాగా చేశారు. ఆ ప్రహరీకి సిమెంటు మోసిందీ మేమే.

కామెర్లకూ కత్తెరకూ ఏం సంబంధమని నేను ఎవరి ముందైనా వాదిస్తాను. ఆమె ముందు వాదించలేదు.

ఈ సైటులో, పని మొదలైన కొత్తలోనే, నా పాదం మీద సెంట్రింగ్ దుంగ పడింది. వాచి బూరెలా పొంగింది. మా మేస్త్రిది నా భార్య పుట్టిన ఊరే. ఊరి వరసన ఆమెకు అన్న, నాకు బావ. కాలు చూసి, "బావా, మోయనీకి రాదు గని మాట్లాడనీకైతే వస్తది గద. పిల్లల కాడ కావలుండు. నీ అబద్ధాలు గాల్లకు జెప్పుకో, మాకు జర చెవులు సల్లబడతయి" అన్నాడు.

అలా నేను పిల్లల కావలివాడినయ్యాను. పాకే పిల్లలను తల్లులు పాత చీర పేలికతో నడుముకు కట్టి, కొస స్తంభానికి ముడేసి పోయేవాళ్ళు. నడిచే పిల్లలను మాత్రం మాటలతోనే కట్టెయ్యాలి. నేను నేల మీద సున్నంతో ఒక గీత గీశాను. గీతకు అవతల పునాది గుంటలో మొసలి ఉందన్నాను. అది కృష్ణలో పుట్టిన మొసలి, మా మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకుని పనికి ఎగ్గొట్టి వచ్చి ఇక్కడ దాక్కుంది, గీత దాటినవాడిని పట్టుకుని తనకు బదులు పనికి పంపుతుంది అన్నాను. ఒక్కడు గీత దాటితే ఒట్టు. మేస్త్రి కూడా ఆ గుంటను కాస్త ఎడంగా దాటిపోయేవాడని నా అనుమానం.

మా బిడ్డ కాపలావాడి పిల్లలతో తిరిగి తిరిగి మరాఠీ పట్టేసింది. తల్లిని "ఆయీ" అని పిలిచేది. నా భార్య గంప దించి, "ఆయేంది? అవ్వా అను. గీడ పుట్టినంత మాత్రాన గీడిదానివైతవా?" అని కసిరేది. అందుకని సాయంత్రాలు నేను ఊరి కథలు చెప్పేవాడిని. గద్వాల కోటగోడ ఎక్కి కాళ్ళు చాపుకుంటే చందమామకు తగులుతాయని, మా అయిజలో మిరపకాయలు ఆరబోసే రోజుల్లో కాకులు కూడా తుమ్ముకుంటూ ఎగురుతాయని. అన్నీ విని ఒకరోజు అది నెమ్మదిగా అడిగింది: "నాయినా, మనూరు నిజంగ ఉన్నదా, నువ్వే చెప్తున్నవా?"

పిల్లకు ఊరూ మొసలీ ఒకటే. రెండూ నా నోట్లో ఉన్నవే.

ఎండ ముదురుతున్నప్పుడు జుట్టులోంచి వాసన రావడం మొదలైంది. కొబ్బరినూనె పెట్టాం, వేపాకు పసరు పెట్టాం. దువ్వెన దిగలేదు. జుట్టంతా చీము, దుమ్ము, సిమెంటు కలిసి పెంకు కట్టింది. పిల్ల ఒకపక్కకే తల వాల్చి కూర్చునేది. "నాయినా, పిచ్చుక పొడుస్తున్నది" అంది.

"యాడ?"

"లోపట."

ఆ తర్వాత నేను పిచ్చుక మాట ఎత్తలేదు.

దవాఖానకు తీసుకుపోయాం. డాక్టర్ కలం మొనతో జుట్టు పాయ తీయబోయి ఆగిపోయాడు. మరాఠీలో గబగబా ఏదో అన్నాడు. నాకు వచ్చిన గద్వాల బజారు ఉర్దూకు అందులో పావు వంతు కూడా అందలేదు. మా బిడ్డే తర్జుమా చేసింది, తన తల గురించి తనే.

"ఎంటికలన్ని తీసెయ్యాలంట. తియ్యకుంటే లోపటికి పోతదంట."

"ఏం పోతది?" అంది తల్లి.

"తెల్వదు. పిచ్చుకేమో."

నా భార్య పిల్లను గుండెకు అదుముకుని లేచింది. "మందియ్యమను. ఎంటికలు ముట్టొద్దని చెప్పు" అంది. ఆ మాట కూడా పిల్లే చెప్పింది. డాక్టర్ ఆమె వంక చూశాడు, నా వంక చూశాడు, చివరికి పిల్లతోనే ఏదో అన్నాడు. బయటికి వచ్చాక ఏమన్నాడని అడిగితే, "మీ అవ్వకు జల్ది చెప్పు అన్నడు" అంది.

మేస్త్రి దగ్గరకు పోయాం. దేవుని కాళ్ళ దగ్గర క్షమించమని అడిగి తీస్తే సరి ఏడైనా తప్పు లేదని నా భార్య లెక్క. ఊరికి పోయి రావడానికి సెలవు కావాలి.

"ఉగాది దాక ఆగుండ్రి" అన్నాడు మేస్త్రి. "ఒక్క జతకు సెలవిస్తే అందరికీ ఇంటి దేవుండ్లు యాదికొస్తరు. గుంపు ఇరుగుతది. నన్ను బిల్డరు గీ గుంటల్నే పూడుస్తడు."

"అన్నా, నీ మేనకోడలే గద."

అతను తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు. "గందుకే చెప్తున్న సెల్లె. ఆ ఎంటికలు తీపియ్యి. పిల్ల దక్కితే దేవునికి రేపైనా ఇయ్యొచ్చు."

"గట్లనే అనుకోని ఒకన్ని మట్టిల పెట్టిన" అంది ఆమె. మేస్త్రి సెలవు మాత్రం ఇవ్వలేదు.

రోడ్డు మలుపులో ఒక చిన్న మారుతి గుడి ఉంది. గడప దాకా సిందూరమే. నేను దారిలో నసిగాను: "గీయన గూడ ఆంజనేయుడే గద. గీడనే..."

"గీయన గీ ఊరోల్ల ఆంజనేయుడు. మనాయనకు మనం తెలుసు, మన తాతలు తెలుసు. గీయనకు మనమెవరం?"

సైటు గేటు దగ్గర మా పేర్లు అడిగేవాళ్ళు కూడా లేరు.

పిల్లకు జ్వరం పట్టుకుంది. ఎడమ చెవి వెనక వాచి, చెవి ముందుకు పొడుచుకొచ్చింది. పిల్ల అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మరిచిపోయేది. మిగతా పిల్లలు గీత అవతలికి పోతున్నా నాకు కేకేసే ఓపిక లేదు.

ఒక పొద్దున పనివాళ్ళంతా పైకెక్కాక, నేను కుంటుకుంటూ కంకర కుప్ప దగ్గరకు పోయి గుప్పిట్లో పట్టేంత నల్లరాయి ఒకటి ఏరాను. మారుతి గుడి గడప మీద రాలిన సిందూరం కాగితంలో ఎత్తుకొచ్చి, నూనెలో కలిపి దట్టంగా పూశాను. ఎక్కడా రాయి కనపడకుండా పూశాను. మధ్యాహ్నం అన్నానికి దిగిన నా భార్య ముందు పెట్టాను.

"ఏందిది?"

"మన దేవుడు. వచ్చేటప్పుడు బీచుపల్లి కాడ ఏట్లకెల్లి తీసుకున్న. నీకు చెప్పలే."

ఆమె గిన్నె పక్కన పెట్టింది. "మూటలన్ని నేనే కట్టిన. నా కండ్లకెందుకు పడలే?"

"చెప్పుల సంచిల ఉండె."

"దేవున్ని చెప్పుల సంచిల పెట్టినవా?"

"చెప్పుల సంచి గాదే, జొన్నపిండి సంచి. నాలుక తడబడ్డది."

"పిండంతా జల్లెడ పట్టింది నేను గాదా?"

ఇంత చేతగాని అబద్ధం నా జన్మలో ఆడలేదు. ఊరంతటినీ నవ్వించిన నోరు ఆవేళ పిండి దగ్గర చిక్కుకుపోయింది. ఆమె పిల్లను ఒళ్ళోకి తీసుకుని, "దీని నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టెయ్యి. గిది ఏటి రాయే అని చెప్పు" అంది.

బిడ్డ తల మీద అబద్ధపు ఒట్టు వేస్తే ఎవరికి తగులుతుందో మా వైపు ప్రతి ఒక్కరికీ తెలుసు. చెయ్యి ఎక్కడ పెట్టాలో కూడా తెలియలేదు. పుండు లేని చోటు వెతికాను. నుదుటి పైన, పాపిట మొదట్లో, రెండు వేళ్ళు పట్టేంత జాగా దొరికింది. ఒళ్ళు కాలిపోతోంది.

"ఏటి రాయే" అన్నాను.

ఆమె లేచి చేతులు కడుక్కుని ఆ రాయికి మొక్కింది.

మంగలిని పిలిపించాం. మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి మొదటి పాయ తీయాలి. నా భార్య అన్నదమ్ములు నాగర్‌కర్నూల్ అవతల ఎక్కడో చెరుకు కొట్టుకుంటున్నారు. అడగకుండానే మేస్త్రి వచ్చి, తలపాగా తీసి, రాయి ముందు కూర్చున్నాడు. "రాండ్రి, నేను కూసుంట" అన్నాడు. ఏ రాయో అతనికి తెలియదనుకోను. రోజూ ఆ కుప్పలను కొలిపించుకునేది అతనే. మొదటి పాయ కత్తిరించగానే మంగలి మొహం తిప్పుకున్నాడు. పెంకు కింద పురుగులున్నాయి. మేస్త్రి పిల్ల కళ్ళు తన అరచేత్తో మూసి, "కానీ, కానీ" అన్నాడు. జుట్టంతా నా భార్య పాత రవికె గుడ్డలో మూట కట్టింది. అటునుంచి అటే దవాఖానకు ఎత్తుకుపోయాం. ఈసారి డాక్టర్ ఏమన్నాడో తర్జుమా చేయడానికి పిల్ల తెలివిలో లేదు.

చెవి వెనక కోసి చీము తీశారు. బతికింది.

కొన్నాళ్ళకు గీత దగ్గర ఆడుకుంటుంటే వెనకనుంచి పిలిచాను. పలకలేదు. అలిగిందనుకున్నాను. చుట్టూ తిరిగి కుడివైపు నుంచి పిలిస్తే పలికింది. అప్పటినుంచి కథలన్నీ కుడి చెవిలోనే.

రెండు వేళ్ళు పట్టిన ఆ జాగా నాకు ఇప్పటికీ గుర్తు. చెవి పోవడానికీ ఒట్టుకూ ఏం సంబంధమని ఎవరి ముందైనా వాదిస్తాను.

ఉగాది దాటాక గుంపు ఊరికి కదిలింది. ఇంటికి పోకముందే బీచుపల్లిలో దిగుదామంది నా భార్య. రాయీ, జుట్టు మూటా కొంగున ఉన్నాయి. "ఏట్లకెల్లి తెచ్చిన దేవున్ని ఏటికే ఇయ్యాలె. యాడ తీసినవో చూపెట్టు" అంది. నేను కాలీడ్చుకుంటూ అటూ ఇటూ నడిచి, బాగా ఆలోచించినట్టు నటించి ఒకచోట చూపించాను. నీళ్ళు తక్కువగా ఉన్నాయి. ఒడ్డంతా గుండ్రటి రాళ్ళు, కోడిగుడ్ల మాదిరి నున్నగా.

ఆమె జుట్టును నీళ్ళలో వదిలింది. తర్వాత రాయిని కడగడం మొదలుపెట్టింది. సిందూరం ఎర్రగా కారిపోయింది. కింద కంకర మిషన్ పగలగొట్టిన అంచులు ఒక్కొక్కటే బయటపడ్డాయి, కత్తిలా. పక్కన ఆ నున్నటి రాళ్ళు. ఆమె చెయ్యి ఆగిపోయింది.

మొసలి కొరికి ఉంటదని చెప్దామని నాలుక చివరిదాకా వచ్చింది. అక్కడే ఉండిపోయింది.

ఆమె బొటనవేలితో ఆ అంచు మీద ఒకసారి రాసి చూసుకుంది. నా వైపు చూడలేదు. "గిట్ల పైన ఉంటే పిల్లగాండ్ల కాళ్ళకు గుచ్చుకుంటది" అంది. చీర మోకాళ్ళ దాకా ఎత్తి కట్టుకుని లోపలికి నడిచి, వంగి, నీళ్ళ కింద రెండు పెద్ద బండల సందులో దాన్ని జాగ్రత్తగా దించింది. తిరిగొస్తూ, "అరుగుతది తియ్" అంది.

బిడ్డ గుండుతో ఒడ్డునే నిలబడింది. నీళ్ళలో కాలు పెట్టదు.

"దిగు బిడ్డా, మన ఏరే" అన్నాను.

అది తల తిప్పి కుడి చెవి నా వైపు పెట్టింది. మళ్ళీ చెప్పాను. అది నా మాట వదిలేసి, తడి చీరతో వస్తున్న తల్లిని అడిగింది:

"అవ్వా, గిది నిజం ఏరేనా?"

"నిజమే" అంది ఆమె. అప్పుడు దిగింది.