అర వెంట్రుక

చైతన్యపురి ప్రెస్సులో ఏలియా ముప్ఫై ఏళ్లుగా మిషన్‌మన్. పాత కెమెరా లెన్సుని పైపుముక్కలో బిగించి, దాని అడుగున భార్య సాయమ్మ తల వెంట్రుక ఒకటి అడ్డంగా అతికించుకున్నాడు. రంగు మీద రంగు సరిగ్గా కూర్చుందో లేదో అందులోంచే చూస్తాడు.

తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న రోజుల్లో గులాబీరంగు పటం పోస్టర్లు అచ్చుకొచ్చాయి. ఓనరు మురళీకృష్ణది భీమవరం. "సరిహద్దు జరిగిందంటే ఆంధ్రావాడు కావాలనే జరిపాడంటారయ్యా," అన్నాడు.

ఏలియా లెన్సు పెట్టి చూసి, "ఎర్రరంగు అర ఎంటిక జరిగింది సార్," అన్నాడు.

ఓనరుకి చిర్రెత్తింది. ఎంటికేంటి, కొలతేంటి? కొత్తగా కొన్న కొలతల కెమెరా బిగించడానికొచ్చిన ఇంజనీరు చేత అదే కాగితాన్ని కొలిపించాడు. తెరమీద నలభై మైక్రాన్లని పడింది.

ఇంజనీరు ఏలియా లెన్సు తీసుకుని, దాని వెంట్రుకని కెమెరా కింద పెట్టాడు. ఎనభై.

ముప్ఫై ఏళ్లు చేతిలో ఉన్న ఆ వెంట్రుక, తెరనిండా మోకులా నల్లగా నిగనిగలాడుతుంటే ఏలియా రెప్ప వెయ్యలేదు.

"గది జర పైలంగ ఇయ్యుండ్రి సార్," అన్నాడు చివరికి. "మా ఆమెకిప్పుడు అన్నీ తెల్లెంటికలే. కాగితం మీద కానరావు."