ఫ్రీ ప్లేటు ఎవరిది

మధ్యాహ్నం మూడు కొట్టిందంటే మా మ్యాచింగ్ సెంటర్‌లో ఈగలు తోలుకోవడమే పని. జాకెట్ ముక్కలకూ, లైనింగులకూ, చీర ఫాల్స్‌కూ పొద్దున వచ్చే ఆడవాళ్లు మళ్లీ కనబడేది దీపాలు పెట్టాకే. అందుకని ప్రతి బుధవారం ఆ వేళకు షట్టర్ సగం దించి, కాస్త చూస్తుండమని పక్కనున్న జిరాక్స్ ఆయనకు చెప్పి, మా ఆయనా నేనూ మలుపులో ఉన్న బిర్యానీ హోటల్‌కు నడుస్తాం.

ఆ హోటల్ గోడ మీద ఎర్ర రంగుతో పెద్ద బోర్డు ఉంటుంది. హ్యాపీ అవర్స్, మూడు నుంచి ఆరు దాకా, ఒక బిర్యానీ కొంటే ఇంకొకటి ఫ్రీ. సిద్దిపేటలో ఎవరికీ హ్యాపీ అవర్స్ అనడానికి నోరు తిరగదు, తిరిగినా అనరు. "ఫ్రీ టైం అయిందా?" అని అడుగుతూ లోపలికి వస్తారు. కాలేజీ పిల్లలు, సంచులు మోసే మందుల కంపెనీ ఏజెంట్లు, మద్దూరు బస్సు తప్పిపోయినవాళ్లు, మాలాంటి దుకాణాలవాళ్లు అంతా ఆ వేళకే చేరతారు. అది పగటి తిండీ కాదు, రాత్రి తిండీ కాదు. రెండింటికీ సరిపోతుంది కాబట్టి బుధవారం రాత్రి మా ఇంట్లో పొయ్యి వెలగదు. నా లెక్కలో అసలు ఆఫర్ అదే.

"ఫ్రీగ వస్తే ఫినాయిల్ అయినా తాగుతవ్ నువ్వు" అని మా ఆయన ఎన్నోసార్లు అన్నాడు.

"తాగినా నీకు సగం పోసే తాగుత గదా" అంటాను నేను.

ఫ్రీ అన్నంత మాత్రాన మిగిలిపోయింది పెడతారనుకోవద్దు. హోటల్ సేట్ సరిగ్గా మూడింటికే బిర్యానీ వండిన రెండో దేగ్ మూత తీస్తాడు. ఆ వాసన మా షాపు దాకా వచ్చి జాకెట్ ముక్కలకు కూడా పడుతుంది. మెతుకు మెతుకుకు అంటదు, ముక్క ఎముకను పట్టుకుని వేలాడదు, పక్కన పోసే సాలన్ పులుసులో పల్లీ నువ్వులు గరుకు లేకుండా నూరి ఉంటాయి. మధ్యాహ్నం ఒంటిగంటకు ఫుల్ రేటు పెట్టి తినేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. వాళ్లు తినేది పొద్దుటి దేగ్.

ఇంత నమ్మకమున్న హోటల్ కాబట్టే మా కొడుకు పెళ్లి సంబంధం వాళ్లను అక్కడికి తీసుకెళ్లాను. ఆ పూట నా ప్రాణం మీదికి వచ్చింది.

మావాడు గజ్వేల్‌లో ఒక బ్యాంకులో పనిచేస్తాడు. అదే బ్యాంకులో పనిచేసే దుబ్బాక అమ్మాయిని ఇష్టపడ్డాడు, ఆ పిల్లకూ ఇష్టమే. మేం వెళ్లి చూసి వచ్చాం. వాళ్ల నాన్న ఇప్పటికీ మగ్గం మీద తువ్వాలలు నేస్తాడు, తల్లి నూలు కండెలు చుడుతుంది. పిల్ల బంగారంలాంటిది, నాకు వెంటనే నచ్చింది. ఇక అమ్మాయి తల్లిదండ్రులు మా ఇల్లు చూడడానికి రావాలి, చూసి సరేననాలి. వాళ్లు వచ్చే రోజు పొద్దున డ్యూటీకి పోతూ మావాడు గడప దగ్గర ఆగాడు.

"అమ్మా, నీకు దండం పెడత. ఈ ఒక్క దినం జర తక్కువ మాట్లాడు. గా పిల్లను తప్ప నేను ఇంకెవ్వరినీ చేసుకోను."

వాడి మొహం చూస్తే నవ్వు రాలేదు. వాడు చిన్నప్పటి నుంచీ ఏదీ పట్టుబట్టి అడిగినవాడు కాదు. సరేనని తల ఊపాను.

మా వైపు ఒక పట్టింపు ఉంది. సంబంధం ఖాయమయ్యేదాకా పిల్లనిచ్చేవాళ్లు అబ్బాయి ఇంట్లో అన్నం మెతుకు ముట్టరు. చాయ్ తాగొచ్చు, మిక్చర్ తినొచ్చు, అరటిపండు ఒలుచుకోవచ్చు. అన్నం తిన్నారంటే మాత్రం మాట ఇచ్చేసినట్టే. అంతదూరం నుంచి వచ్చినవాళ్లను ఆకలితో పంపలేం కదా, కాబట్టి అన్నం హోటల్లోనే అనుకున్నాం. అంతవరకూ ఎవరైనా చేసే పనే. నా తెలివి ఎక్కడ వికటించిందంటే, వాళ్లు పదకొండింటికే వచ్చేశారు, నేను మూడు కొట్టేదాకా ఆపాను.

ఇల్లు చూపించాను. డాబా చూపించాను. డాబా మీద నుంచి కనబడేవన్నీ చూపించాను. బీరువా తీసి మావాడి పదో తరగతి షీల్డు చూపించాను. అమ్మాయి తల్లి గేటు దగ్గర్నుంచే నన్ను "వదినె" అని పిలిచింది, మూడో చాయ్ కూడా కాదనకుండా తాగింది. తండ్రి మాత్రం సన్నగా, నిటారుగా, తను నేసిన తెల్ల తువ్వాల భుజాన వేసుకుని, అడిగిందానికే జవాబు చెబుతూ కూర్చున్నాడు. నన్ను పొద్దుటి నుంచీ "మేడం" అనే పిలిచాడు. మా ఆయన రెండుసార్లు గడియారం వైపు, నా వైపు చూశాడు. నేను చూడనట్టు ఇంకో అరటిపండు అందించాను. వాళ్లకు చల్లారిన దేగ్ పెట్టడం నాకు ఇష్టం లేదు. ఆఫర్ కూడా మనసులో లేదని చెప్పను.

మూడూ పదికి హోటల్లో కూర్చున్నాం. సేట్ స్వయంగా వచ్చి టేబుల్ తుడిచాడు. నాలుగు ప్లేట్లు పొగలు కక్కుతూ వచ్చాయి. అమ్మాయి తండ్రి తినడానికి చెయ్యి చాపి, ఎదురు గోడ మీది బోర్డు చదివి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"మేడం, గీ నాలుగిండ్ల కొన్నవి ఏవి, ఫ్రీగ వచ్చినవి ఏవి?"

గొంతు పెంచలేదు. ఆయన కోపంగా అడిగి ఉంటే నాకు సులువయ్యేది, కోపానికి జవాబు నా దగ్గర ఎప్పుడూ ఉంటుంది. "మీ రెండు కొన్నవే అన్నా, ఫ్రీవి మావి" అన్నాను తడుముకోకుండా.

ఆయన తువ్వాల కొస చేతిలోకి తీసుకున్నాడు.

"నేను తువ్వాలలు నేస్త మేడం. పెద్ద దుకాణాలల్ల బోర్డు పెడతరు, రెండు చీరలు కొంటే తువ్వాల ఫ్రీ అని. గా ఫ్రీ తువ్వాల నా అసోంటోడు నేసిందే. చీరను బీరువల దాసుకుంటరు. తువ్వాలతోని బండి తుడుస్తరు. ఫ్రీగ వచ్చినదానికి గంతే ఇజ్జత్. మా బిడ్డను ఇద్దామని వస్తే, మొదటి పూటనే..." అని ఆగిపోయాడు.

ముప్పై రకాల ఎరుపుల్లోంచి చీరకు సరిపోయే ఎరుపును తీసి ఇవ్వగలను, ఆ మాటకు సరిపోయే మాట నాకు దొరకలేదు. చాలా బాధేసింది. గడప దగ్గర ఆగిన మావాడి మొహమే కళ్ల ముందు కదిలింది.

"అన్నా, అందుకే గదా కొన్నవి మీకే పెట్టినం" అన్నాను మెల్లగా.

"మీరు ఫ్రీది తినుకుంట మాకు కొన్నది పెడితే, మీ ఇజ్జత్ ఏం గావాలె? రేపు నా బిడ్డ ఇజ్జత్ మీతోనే గదా."

అటు తిప్పినా తప్పే, ఇటు తిప్పినా తప్పే. సేట్‌ను పిలిచి, నాలుగిటికీ బిల్లు వెయ్యమన్నాను. సేట్ గడ్డం నిమురుకున్నాడు.

"అట్ల ఎట్ల అక్కా? బోర్డు పెట్టినంక అందరికీ ఒక్కటే మాట. ఒకరికి ఇచ్చి ఒకరికి ఇయ్యకుంటే నా ఇజ్జత్ పోతది."

ఇంకేముంది, ఒక్క టేబుల్ మీద మూడు ఇజ్జత్‌లు, నాలుగు ప్లేట్లు. ముద్ద ఎత్తే చెయ్యి ఒక్కటీ లేదు. మా ఆయన సాలన్ గిన్నెలోకి చూస్తూ కూర్చున్నాడు.

అప్పుడు అమ్మాయి తల్లి కదిలింది. పొద్దుటి నుంచీ మూడు చాయ్‌ల మీద బతికిన మనిషి ఆమె. పక్క టేబుల్ దగ్గర కాలేజీ పిల్లలు ఆరుగురు ఒకే పెద్ద పళ్లెం చుట్టూ చేరి మండి బిర్యానీ తింటున్నారు. ఆ పళ్లెం వైపు వేలు చూపించింది.

"సేటూ, గసోంటిది ఒకటి ఖాళీది తేరాదు?"

సేట్ తెచ్చాడు. ఆమె నాలుగు ప్లేట్లూ ఒకదాని తర్వాత ఒకటి అందులో బోర్లించి, చేత్తో ఒకసారి కలిపి, భర్త ముందుకు జరిపింది.

"ఇగో. గిండ్ల కొన్న మెతుకు ఏదో, ఫ్రీ మెతుకు ఏదో ఏరు. నువ్వు ఏరేదాక నేను తింట, నాకు ఆకలైతుంది."

అని మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. నేను ఆగలేదు, రెండో ముద్ద నాది. మామూలుగా నా ప్లేట్లో మా ఆయన చెయ్యి పడితేనే ఊరుకోను నేను. మా ఆయన మూడో చెయ్యి. అమ్మాయి తండ్రి ఆ అన్నం వైపు కాసేపు చూశాడు. ఏరడం ఎవరి వల్ల అవుతుంది? చివరికి తువ్వాల భుజాన సర్దుకుని, తన వైపు అంచున చెయ్యి పెట్టాడు. రెండు ముద్దలు తిన్నాక సాలన్ అడిగాడు. సేట్ పరుగెత్తి తెచ్చాడు.

పళ్లెం సగానికి వచ్చాక ఆయన మళ్లీ ఆగిపోయాడు.

"ఖాయం గాకముందు వాళ్లింట్ల మెతుకు ముట్టొద్దని బయటికి వచ్చినం. గిప్పుడు ఒక్క కంచంల తింటున్నం."

"ఇది హోటల్" అంది ఆమె నములుతూనే.

"హోటలైతే ఏంది, కంచం కంచమే."

అది సంతోషమో, పొరపాటు చేశానన్న పశ్చాత్తాపమో ఆ మొహం చూస్తే తెలియలేదు. నా చెయ్యి పళ్లెంలోనే ఆగిపోయింది. అప్పుడు మా ఆయన, అంతవరకూ నోరు విప్పనివాడు, తన వైపున్న మూలుగ బొక్కను మెల్లగా ఆయన వైపు జరిపాడు. మా దగ్గర మూలుగ బొక్క ఇంటి అల్లుడికో, పెద్ద చుట్టానికో వేస్తారు. ఆయన దాన్ని తీసుకున్నాడు, పళ్లెం అంచుకు కొట్టి మూలుగ జుర్రుకున్నాడు.

తింటున్నంతసేపూ నా ఫోను సంచిలో మోగుతూనే ఉంది. మావాడే. కట్ చేశాను. ఏమని చెప్పను?

బయటికి వచ్చి, బస్టాండుకు పోదామని ఆటో ఎక్కాం. ఆటో కదిలాక ఆయన, "పోయి ఫోన్ చేస్తం" అన్నాడు. పెళ్లి మాటల్లో ఆ మాటకు అర్థం అందరికీ తెలుసు. ధర అడిగి, ముక్క నలిపి చూసి, "మళ్ల వస్త" అని మెట్లు దిగే గిరాకీని నేను రోజూ చూస్తాను, వాళ్లు మళ్లీ రారు. బతిమాలాలనిపించింది. మావాడికి ఇచ్చిన మాట గుర్తొచ్చి పళ్లు బిగబట్టి కూర్చున్నాను. మా ఆయన నన్ను వింతగా చూశాడు, ఒంట్లో బాగాలేదనుకున్నాడట.

ఆటో మా గల్లీ ముందు నుంచి పోతుంటే ఆయన డ్రైవర్ భుజం తట్టాడు.

"జర ఆపు బాబూ." నా వైపు తిరిగాడు. "చెల్లె, సాలన్ కారం జేసింది. ఇంట్లకు పోయి ఇంత పెరుగన్నం పెడతవా?"

ముందు నాకు చెల్లె అన్న మాటే వినబడింది. పెరుగన్నం అన్న మాట ఆ తర్వాత వినబడింది. భార్య ఆయన్ను మోచేత్తో పొడిచింది.

"ఇంక కడుపుల జాగ ఉన్నదా నీకు?"

"జేసుకుంట" అన్నాడు ఆయన. "ఫోన్ జేస్తనన్నది మా అన్నదమ్ములకు. అందరికి చెప్పాలె గదా."

ఇంట్లోకి పరుగెత్తాను. అప్పుడు గుర్తొచ్చింది, అది బుధవారం. గిన్నెలో ఒక్క మెతుకు లేదు, పొద్దున వండింది పనమ్మాయికి ఇచ్చేశాను. పెరుగుంది, అన్నం లేదు. గుమ్మం దగ్గరకొచ్చి ఆ మాట చెబుతుంటే నా కళ్లలో నీళ్లు తిరిగాయి, సిగ్గుతోనో సంతోషంతోనో.

ఆయన చెప్పులు విడిచి, కుర్చీ వద్దని, చాప మీద మఠం వేసుకుని కూర్చున్నాడు.

"ఉడికేదాక కూసుంటం. మాకు ఇప్పుడేం తొందర చెల్లె."

బియ్యం కడిగి కుక్కర్లో పోశాను. చేతులు తడిగా ఉండగానే ఫోను మళ్లీ మోగింది. ఈసారి ఎత్తాను.

"అమ్మా, ఏమైంది? ఏమన్న అన్నవా? వెళ్లిపోయిన్రా?" మావాడు ఊపిరి తీసుకోకుండా అడిగాడు.

తక్కువ మాట్లాడమన్నాడు కదా, తక్కువే మాట్లాడాను.

"మీ మామ మనింట్ల అన్నం తింటనని కూసున్నడు రా."

అటు నుంచి ముక్కు చీదిన చప్పుడు వినబడింది. వాడు ఏడుస్తున్నాడు. కుక్కర్ మొదటి కూత వేసేదాకా ఇద్దరం అలాగే ఫోను పట్టుకుని నిలబడ్డాం.