తారీఖులు చెరిపిన నోవా ఫొటోలు

కంఠేశ్వర్‌లో నేను పాఠాలు చెప్పే కాలేజీ గేటు ముందు చెరుకురసం మిషను ఆడుతుంటే, ఆ పచ్చి తీపి వాసనకు నాకు నేను డిగ్రీ చదివిన చెరుకుతోటల బోధన్ గుర్తొస్తుంది, మేరీ మేడం గుర్తొస్తారు. ఆమె వెంటే స్వరూప గుర్తొచ్చి కడుపు మండుతుంది. ఇన్నేళ్లయినా మండుతుంది, దాచేదేముంది! డిగ్రీలో మాకు ఫిజిక్స్ చెప్పింది మేడమే. ఇవాళ నేను పిల్లలకు ఫిజిక్స్ చెబుతున్నానంటే అది ఆమె పుణ్యమే. కానీ ఆమె గారమంతా నా పక్కన కూర్చునే స్వరూప మీద.

ఆ ఏడు అబ్జర్వేటరీలో వేసవి శిక్షణకు మా కాలేజీకి ఒక్కటే సీటు వచ్చింది. దానికోసం నేను పడి చచ్చాను. మేడం మా ఇద్దరికీ పరీక్ష పెట్టారు. ఉన్నట్టుండి భగ్గున వెలిగే నక్షత్రాన్ని నోవా అంటారు. అలాంటి ఒక నోవా వెలుగును రంగులుగా విడదీస్తే వచ్చే పట్టీ, అదే వర్ణపటం, దాని ఫొటోలు తలా ఆరు ఇచ్చారు. ఆ పట్టీకి అడ్డంగా అక్కడక్కడా నల్లగీతలు ఉన్నాయి. వెనక పెన్సిల్‌తో తారీఖులు రాసి ఉన్నాయి. "నల్లగీతలు రోజురోజుకు ఎట్ల మారినయో రేపు చెప్పుండ్రి" అన్నారు. స్వరూప మంచినీళ్లకు లేచి వెళ్లగానే, నేను ఆమె ఫొటోల మీద తారీఖులన్నీ రబ్బరుతో చెరిపి, పేకముక్కల్లా కలిపేశాను.

మర్నాడు ఆ మహాతల్లి ఆరింటినీ బల్ల మీద వరసగా పేర్చింది. "తారీఖులు లేవు మేడం, గీతలను సూసే పేర్చిన. ముందుగాల నల్లగీతలు ఊదా దిక్కు జరిగినయి. పేలిన వాయువు మన దిక్కు ఉరికొస్తున్నదన్నట్టు. తర్వాత ఇంకింత ఊదా దిక్కు కొత్త గీతలు పడ్డయి. ఆఖరుకు వాయువు పల్చబడి నల్లవి మాసిపోయినయి, మెరిసే పట్టీలే మిగిలినయి." ఒక్కటీ తప్పు పోలేదు. నేనేమో తారీఖుల వరస అప్పజెప్పాను తప్ప గీతల ముఖమే సరిగా చూడలేదు.

మేడం మురిసిపోయారు. "మా బాపు బెల్లం వండేటోడు. పాకం రంగు సూసి ఎంతసేపు మరిగిందో చెప్పేటోడు. నువ్వు గంతే బిడ్డా!" సీటు స్వరూపకే పోయింది.

అందరూ వెళ్లాక నన్ను ఆపారు. "తారీఖులు నువ్వే చెరిపినవా?"

"మీరెప్పుడు దాన్నే సూస్తరు మేడం" అని ఏడ్చేశాను.

ఆమె తిట్టలేదు. స్వరూప ఫొటోలు మళ్లీ కలిపి నా ముందు పెట్టారు. "కూసో. నీకు వచ్చేదాక నేను ఇంటికి పోను." వారం రోజుల సాయంత్రాలు నా పక్కనే కూర్చుని ఒక్కొక్క గీత చదివించారు. నేను చేసిన పని మాత్రం ఎవరికీ చెప్పలేదు.

మొన్న మేడం పోయారు. చర్చి ముందు స్వరూప నన్ను వాటేసుకుని వెక్కివెక్కి ఏడ్చింది. "నాకెప్పుడు గట్ల పక్కన కూసొని చెప్పలేదే మేడం. నిన్ను సూసి ఎంత కుళ్లుకున్ననో!"

నిజం చెప్పొద్దూ, అంత దుఃఖంలోనూ లోపల సంబరపడ్డాను. తారీఖులు చెరిపింది నేనేనని మాత్రం అప్పుడు కూడా చెప్పలేదు.