నా నంబరుకు ఎవరో పెట్టిన పేరు

పాలకుర్తిలో మా ఇంటి ముందుగదిలో నేను చిన్నపిల్లలకు ట్యూషన్ చెబుతాను. ఇల్లు గడిచేది దానితోనే. మొన్న వానాకాలంలో, కొత్తగా చేరిన పాప నీళ్లసీసా మరిచిపోయి వెళ్లిందని వాళ్లమ్మకు మొదటిసారి ఫోన్ చేశాను. ఆమె ఎత్తలేదు. కాసేపటికి తనే వచ్చి, గడప బయటే నిలబడి ఫోన్ నా ముందు పెట్టింది.

"మేడం, గిది మీ నంబరేనా?"

నంబరు నాదే. పైన పేరు మాత్రం "టీబీ టీచర్" అని ఉంది.

రెండేళ్ల కిందట నాకు టీబీ వచ్చిన మాట నిజం. జనగామ దవాఖానలో చూపించుకుని ఆరు నెలలు మందులు మింగాను. పూర్తిగా నయమైందని డాక్టరు చెప్పాకే పిల్లల్ని మళ్లీ కూర్చోబెట్టాను. ఈ సంగతి మా ఇంట్లోవాళ్లకూ, మందులు తెచ్చిచ్చిన ఆరోగ్య కార్యకర్త అక్కకూ తప్ప ఊళ్లో ఎవరికీ తెలియదు. తెలిస్తే ఒక్క తల్లీ పిల్లను పంపదు. అయినా నోరు ఊరుకోదు కదా.

"గీ పేరు నువ్వే పెట్టినవా?" అని అడిగాను.

"నేనెందుకు పెడ్త? మీ నంబరే నా దగ్గర లేకుండె. ఫోన్ మోగంగనే గిట్ల వచ్చింది."

మర్నాడు పాప రాలేదు.

ఏడుస్తూ కూర్చోవాల్సింది పోయి ఆరా తీయడం మొదలుపెట్టాను. కుక్కర్ కూత పెట్టకపోతే అన్నం సంగతి వదిలేసి మూత విప్పి చూసే రకాన్ని నేను. మా తమ్ముడి ఫోన్ కూడా పాప వాళ్లమ్మ ఫోన్ కంపెనీదే. అందులోంచి నా నంబరు తీసేయించి పక్కగదిలోంచి ఫోన్ చేశాను. మళ్లీ "టీబీ టీచర్". తమ్ముడు సెట్టింగులన్నీ తిరగేసి సంగతి చెప్పాడు. ఫోన్ చేసినవాళ్ల పేరు చూపించే యాప్ ఒకటి ఆ ఫోన్‌తోపాటే వస్తుంది. మన పేర్లూ నంబర్లూ చూడనివ్వమని మొదటిరోజే అడుగుతుంది, మనం సరే అని నొక్కేస్తాం. ఇక ఎవరు ఎవరిని ఏమని రాసుకున్నారో తీసుకుపోయి అందరికీ చూపిస్తుంది.

మరి నన్నలా రాసుకున్నది ఎవరు? నేరుగా కార్యకర్త అక్క ఇంటికి వెళ్లాను. ఆమె దాచలేదు.

"నీ పేరున్నోళ్లు నా కాడ మస్తుమంది ఉన్నరు చెల్లె. ఎవలకు ఏం మందో యాదికుండాలె గద. గందుకే రోగం పేరుతోని ఎక్కించుకున్న."

"యాప్‌కు సరే అని ఎందుకు ఒత్తినవ్?"

"ఒత్తకుంటే ముందుకు పోనిస్తలేదు. ఏం జేయాలె?"

కడిగేద్దామని వెళ్లినదాన్ని, ఆమె ఫోన్‌లో పేర్లు పైకి జరుపుతుంటే చప్పబడిపోయాను. షుగర్ తాత. ఫిట్స్ పిల్ల. మూడో నెల కోడలు. ఒకచోట ఆమె వేలు ఆగింది. "వామ్మో, గీ పిల్లకు పెండ్లి కుదిరింది," అంటూ ఫోన్ బోర్లించింది. ఎవరా పిల్ల అని నాలుక చివరిదాకా వచ్చింది. అడగలేదు. యాప్‌కు ఇచ్చిన అనుమతి తీసేసి, ఇద్దరం కూర్చుని పేర్లన్నీ మార్చాం.

"ఇంతకుముందు పోయినయి వాపస్ వస్తయా?" అంది.

"తెల్వదక్కా," అన్నాను. నిజంగానే తెలియదు.

ఆ వారంలోనే పాప వాళ్లమ్మ ఒక్కతే వచ్చింది. ట్యూషన్ మాన్పిస్తున్నానని చెప్పడానికే అనుకున్నాను. ఆమె లోపలికి వచ్చి తలుపు దగ్గరకు వేసింది.

"మేడం, మందులు మింగితె నిజంగనే పోతదా?"

"పోయింది. నన్ను చూస్తలేవా?"

"నాకు నెల సంది దగ్గు తగ్గుతలేదు. రాత్రిపూట చెమటలు. పాపకు అంటిందో ఏమో, మీ కాడి పిల్లలకు అంటుతదేమోనని తోల్లేదు."

ఇన్నాళ్లూ ఆమె నాకు భయపడుతోందనుకున్నాను. రేపే జనగామ దవాఖానకు పోదాం, నేనూ వస్తానన్నాను. తల ఊపి, ఒకటే అడిగింది.

"మీ ఫోన్ల నా నంబరు ఉంచకుండ్రి మేడం."

ఆమె చూస్తుండగానే తీసేశాను. తీసేసే ముందు ఆ పది అంకెలు పైకి చదువుతూ బట్టీ పట్టాను.