కార్డు మీద లేని అంజూరం

కొత్త సంవత్సరం ఆరాధనలో ఇంటికొక వాగ్దానం కార్డు తీసుకోవడం మా అలవాటు. కళ్లు మూసుకుని పళ్లెంలోంచి తీయాలి. ఏ వాక్యం వస్తే అది ఆ ఏడాదంతా మన ఇంటిది. ఈసారి మా ఆయన తీశాడు. బాగు చేస్తానని దేవుడు మాట ఇచ్చే వాక్యం వచ్చింది. ఏళ్ల తరబడి షుగరుతో వేగుతున్న మనిషికి ఇంకేం కావాలి? కార్డుకు ఫ్రేము కట్టించాడు, ఇన్సులిన్ మానేశాడు.

కొన్నాళ్లకు కాలి బొటనవేలికి పుండు లేచింది. దవాఖానలో కట్టు కట్టి, డాక్టరు నన్ను పక్కకు పిలిచాడు. "సూది మొదలుపెట్టకుంటే వేలుతోటి ఆగదమ్మా" అన్నాడు. అరిచాను, తిట్టాను, అన్నం ముట్టనన్నాను. ఆయన గోడ మీది కార్డు చూపించేవాడు.

"డిగ్రీ చదివినవ్ గాని నువ్వు విశ్వాసం చదువలే."

"గంత విశ్వాసముంటే చెప్పులెందుకేసుకుంటరు? ముల్లు గుచ్చకుండ దేవుడే సూస్తడు గదా!"

పాపన్నపేట నుంచి ప్రార్థనకు వచ్చిన ఆడవాళ్లయితే, "అక్కా, నీ అవిశ్వాసమే ఆయన కాలికి పుండైంది" అని నా ఇంట్లో నా చాయి తాగుతూ చెప్పిపోయారు.

నా మాటలతో ఆయన కదలడు. వాక్యానికి వాక్యమే కావాలి. బైబిలుకు అర్థాలు చెప్పే లావుపాటి వ్యాఖ్యానాలు మా ఇంట్లో ఎక్కడివి? ఫోనులో ఉచితంగా దొరికేవన్నీ దించుకున్నాను. ఒక మాట కొడితే బైబిల్లో అది వచ్చే ప్రతి చోటూ చూపించే యాప్, ఒక వాక్యానికి దగ్గరి వాక్యాలన్నీ పక్కనే పెట్టే యాప్, పాత ఇంగ్లిష్ వ్యాఖ్యానాల వెబ్‌సైటు. ఉచితం కదా, మధ్యమధ్య ప్రకటనలు. షుగరును మాయం చేసే పొడి అట! ఫోను కూడా నన్నే వెక్కిరించాలా?

మొదట 'వైద్యులు' అని వెతికాను. ఒక రాజు దొరికాడు. పాదాల్లో జబ్బు పుడితే దేవుణ్ని అడక్కుండా వైద్యుల దగ్గరికి పోయాడు. చచ్చిపోయాడు. పాదాలే! ఇంత పెద్ద పుస్తకంలో నా చేతికి దొరకాల్సింది ఇతనేనా? ఫోను బోర్లా పెట్టి, ఆయన కంటపడకుంటే చాలు దేవుడా అనుకున్నాను.

తర్వాత కార్డు అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న అధ్యాయం, వచనం కొట్టాను. ఆ మాట దేవుడు ఇంకో రాజుకు చెప్పింది. పుండుతో చావుకు దగ్గరైన రాజుకు. కార్డు ఆగిన చోట కథ ఆగలేదు. కాస్త కిందనే, ఆ కబురు తెచ్చిన ప్రవక్తే అంజూరపు పండ్ల ముద్ద తెమ్మన్నాడు. పుండు మీద వేశారు, రాజు బతికాడు. ఇదే కథ మరో చోట కూడా ఉందని యాప్ చూపించింది. అక్కడా అంజూరం ఉంది. ఫోను పట్టుకుని ఉరికాను.

"సూడుండ్రి! మీ వాగ్దానం మందుతోటే వచ్చింది."

ఆయన చదివాడు. మళ్లీ చదివాడు.

"అయితే అంజీర్లు తే."

"ఏందీ?"

"అంజూరం అని ఉన్నది, ఇన్సులిన్ అని లేదు. నువ్వే సూపిస్తివి గదా, పాస్టరమ్మా."

బస్టాండు దగ్గర ఎండు అంజీర్లు కొని, నానబెట్టి నూరాను. ఆ ముద్ద పుండుకు తగలనిస్తానా? కట్టు విప్పకుండా దాని మీదే పెట్టాను.

"రాజుకు కట్టుండెనా?"

"రాజుకు షుగరుండెనా? ముద్ద పెట్టిన, ఇగ సూది ఏసుకోండ్రి." సూది చేతికి తీసుకున్నాను. "మీ కాళ్లు మొక్కుత. రెండూ ఉన్నప్పుడే మొక్కనీయుండ్రి."

ఆయన కార్డు వైపు చూసి, అంగీ పైకెత్తాడు. పొట్టలో సూది గుచ్చాను. దూది నొక్కుతుంటే మెల్లగా అడిగాడు.

"పాదాల జబ్బుతోటి సచ్చిన రాజు సంగతి సూసినవా?"

నా చేయి ఆగిపోయింది. "మీకెవ్వలు చెప్పిండ్రు?"

"ఊకెనే దొరికే యాప్ నీ ఒక్కదానికేనా? పొద్దుమీకి, రాత్రి సూదికి ముంగట, గాయన సంగతికి జవాబు చెప్పు. అప్పుడు సూస్త, ఏసుకోవాల్నా వద్దా అని."

ఆ రాజు కథ మళ్లీ వెతుకుదామని ఫోను తీశాను. షుగరు పొడి ప్రకటన తెరంతా పరుచుకుంది. అంజీరు జిగురు అంటిన వేళ్లకు అది పోలేదు. కొంగుకు తుడుచుకుని, మళ్లీ నొక్కాను.