గంటన్నర దారి

మాది సముద్రం మధ్య దీవుల్లో జంగ్లీఘాట్. మా ఆయన ఇరవై ఏళ్లుగా ఇక్కణ్నుంచి ఉత్తరానున్న మాయాబందర్‌కి బస్సు నడుపుతున్నారు. రెండేళ్ల క్రితం ఓ ఆదివారం ఆయనా, మా మరిది చిన్నారావూ మ్యాపు పరుచుకుని మా ఇటలీ ప్రయాణానికి రోజులు లెక్కేస్తున్నారు. నేను పక్కనే చేపలు కోస్తున్నాను.

"రోము నుంచి ఫ్లారెన్స్ మన మాయాబందరంత దూరం. రోజంతా దారికే పోద్ది," అన్నారాయన. అడవిలో బళ్లన్నిటినీ కలిపి వదిలే కాన్వాయ్ కోసం ఆగి, సముద్రపు పాయల్ని పంటు మీద బస్సుతో దాటే మనిషికి లెక్క అదే.

మరిది పకపకా నవ్వాడు. "ట్రైన్‌లో గంటన్నరే భయ్యా! మాయాబందర్ దాటి దునియా చూస్తే కదా నీకు తెలిసేది!"

ఆయన వాడి పీక పట్టుకుని తల గోడకేసి బాదారు. "ఏటన్నావురా? మళ్లీ అను!" నుదురు చిట్లి రక్తం మ్యాపు మీద పడింది. ఊపిరాడక వాడు నా చేపలకత్తి అందుకున్నాడు. అది ఆయన కడుపు వైపు వెళ్తుంటే అంచునే పట్టేసుకున్నాను. అరచేతికి ఏడు కుట్లు పడ్డాయి.

అన్నదమ్ములు మళ్లీ కలిశాక, కిందటేడు ముగ్గురం వెళ్లాం. రోములో ఎక్కిన రైలు సరిగ్గా గంటన్నరకి ఫ్లారెన్స్‌లో ఆగింది. మరిది నవ్వలేదు. మా ఆయన వాచీ చూసుకుని, నా అరచేతి మచ్చ మీద బొటనవేలు ఉంచారు.

ఇప్పటికీ ఎవరైనా "ఎంతసేపు దారి?" అనడిగితే నా గుప్పిట దానంతటదే బిగుసుకుంటుంది.