గ్రేసమ్మ మేడం కొట్టేయించిన వాక్యం

మాకంటే ముందొచ్చిన మనిషి కాగితం మీద నోటరీ గారి రబ్బరు ముద్ర దభీమని పడింది. ఆ చప్పుడుకు సికింద్రాబాద్ స్టేషన్‌లో రైళ్లన్నీ ఒక్క క్షణం ఆగి, మళ్లీ కదిలి ఉంటాయి. ముద్ర సిరా వాసన ముక్కుకెక్కగానే, పక్కన కూర్చున్న మా ఆఫీసు పిల్ల స్వప్న మాయమై, ఆ కుర్చీలో గ్రేసమ్మ మేడం కనబడ్డారు. రేపు నా పిత్తాశయంలో రాయి తీస్తారు. డాక్టరు శనగగింజంత అన్నాడు గానీ, నా అంచనాలో అది మౌలాలీ గుట్టకు తోబుట్టువు. నేను మంచం మీదుండే రోజుల్లో మా బుల్లి సాఫ్ట్‌వేర్ కంపెనీ తరఫున నిర్ణయాలు తీసుకునే అధికారం స్వప్నకు రాసిస్తున్నాను. ఇందాక చిత్తు ప్రతిలో, ప్రతిదీ నన్నడిగే చెయ్యాలంటూ నేను పెట్టిన షరతులు చూసి నోటరీ గారు, "సార్, ఇది పవర్ ఆఫ్ అటార్నీయా, జైలు రూల్సా?" అని అడిగారు.

అసలు కంపెనీ గ్రేసమ్మ మేడందే. కాకినాడ నుంచి వచ్చి, లాలాగూడలో రైల్వే పిల్లలకు లెక్కలు చెప్పి చెప్పి విసుగెత్తి, చిలకలగూడలో ఒక టైలరు షాపు పైగదిలో బడుల హాజరు చూసే సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టారు. మెట్ల మీద ఆవిడ చెప్పుల చప్పుడు వినబడితే కంప్యూటర్లు భయపడి వాటంతటవే ఆన్ అయ్యేవి. ఆవిడ అనుమతి లేకుండా మా ఆఫీసులో ఈగ వాలేది కాదు. వాలినా నిలబడే ఉండేది. అలాంటి మనిషికి ఒకప్పుడు గుండె ఆపరేషన్ అన్నారు. ఆవిడ తన అధికారం నాకు రాసిద్దామని నన్ను వకీలు దగ్గరకు లాక్కెళ్లారు.

వకీలు గారు చదువుతున్నారు: "యజమానిని సంప్రదించి, ఆమె అనుమతితో..."

మేడం చెయ్యెత్తారు. "అది కొట్టేయండి."

"అమ్మా, జెర సోంచాయించుండ్రి. పిలగాడు తప్పు జేస్తే కంపెనీ మొత్తం పరేషాన్ అయితది."

"అడిగి చేసేవాడికి ఈ కాగితం ఎందుకండీ? ఫోనుంటే చాలుగా."

నేను మధ్యలో దూరాను. "మేడం, గంత నమ్మకం వద్దు. నన్ను నేనే నమ్మ."

"నిన్ను నమ్మమని నిన్నెవరడిగారు, యాదగిరీ? సంతకం పెట్టు."

ఆపరేషన్ బాగా జరిగింది. ఆవిడ ఇంకా ఆసుపత్రిలో ఉండగానే, ఊరంతా బళ్లున్న ఒక విద్యాసంస్థ మేనేజరు ఒప్పందం పట్టుకొచ్చాడు. అతని టై పొడవుతో ట్యాంక్‌బండ్ లోతు కొలవొచ్చు. ఆర్డరు వస్తే మా ఐదుగురికీ భవిష్యత్తు ఉంది. రాకపోతే ఎండాకాలం దాటతామన్న నమ్మకం లేదు. ఒక్కటే ముల్లు. పిల్లల ఫొటోలు, తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు ఆ సంస్థ ట్యూషన్ సెంటర్లు వాడుకోవచ్చట. సాయంత్రంలోగా తేల్చాలట. నేను ఆసుపత్రికి ఫోన్ కొట్టాను. మేడం చెల్లెలు ఎత్తారు. "అక్క మాట్లాడనంటోంది బాబూ. పవర్ ఎవరి దగ్గరుందో వాళ్లనే అడగమంటోంది."

మళ్లీ ఎన్నిసార్లు కొట్టినా ఎవరూ ఎత్తలేదు. ఆ మధ్యాహ్నం మా గదిలో నేను నడిచిన నడక సాపుగా పరిస్తే ఊరి చివరి యాప్రాల్ దాటేది. కూర్చుంటే కుర్చీ కాలింది, నిలబడితే నేల కాలింది. చివరికి మేనేజరు ముందుకెళ్లి, "సార్, పిల్లల వివరాలు ఇయ్య. గా ముక్క తీసేస్తే సంతకం పెడ్త," అన్నాను.

"అసలు మీకు పవర్ ఉందా?"

"ఉంది గాబట్టే పెడ్తలేను."

అతను వెళ్లిపోయాడు. అతనితోపాటు ఆర్డరూ మెట్లు దిగింది.

మర్నాడు బత్తాయిలు పట్టుకెళ్లి, జరిగింది చెప్పాను. మేడం కళ్లు మూసుకుని విన్నారు. "నేనైతే సంతకం పెట్టేదాన్ని," అన్నారు. ఆ బైపాసేదో నాకే చేయాల్సిందనిపించింది. అంతలో ఆ సంస్థవాళ్లే ఆవిడకు ఫోన్ చేశారు. "మా యాదగిరి వద్దన్నాడా? అయితే కంపెనీ వద్దన్నట్టేనండీ," అని చెప్పి పెట్టేసి, నాతో, "ఆ బత్తాయి వలువు," అన్నారు.

ఆ వేసవిలో ఇద్దరు వేరే ఉద్యోగాలు చూసుకున్నారు. మిగిలినవాళ్లం ఈదుకొచ్చాం. ఆ సంస్థ మీద ఏదైనా గోల బయటపడుతుందేమో, నా మాట నెగ్గుతుందేమో అని ఏళ్ల తరబడి పేపర్లు గాలించాను. సిగ్గులేని సంస్థ, చక్కగా నడుస్తోంది. మేడం కంపెనీని నా చేతుల్లో పెట్టేసిన తరువాత ఒకసారి అడిగాను: "ఆ రోజు నేను చేసింది కరెక్టేనా, మేడం?"

"నాకెలా తెలుస్తుంది? ఆ కుర్చీలో ఉన్నది నువ్వు."

ఇక తెలిసే దారి లేదు. ఆవిడ పోయి రెండేళ్లయింది. ఇచ్చినవాళ్లు పోతే పవర్ కూడా పోతుందంటుంది చట్టం. ఆ ప్రశ్న మాత్రం పోలేదు.

ఇప్పుడు నోటరీ గారు మమ్మల్ని పిలిచారు. స్వప్న నా చెవి దగ్గర, "సార్, ఏమన్న తక్లీఫ్ అయితే మీకు ఫోన్ చెయ్యాల్నా?" అంది. చెయ్యి, గంటకోసారి చెయ్యి, మత్తులో ఉన్నా చెయ్యి అని నాలుక చివరిదాకా వచ్చింది. పెన్ను తీసి, నా షరతులన్నీ వరసగా కొట్టేశాను. పిల్ల ముఖం పాలిపోయింది. ఆ ముఖం నాకు బాగా తెలుసు. ఆ ఒప్పందం రోజు సాయంత్రందాకా మేడం మోగే ఫోను గుండెల మీద పెట్టుకుని పైకప్పు చూస్తూ ఉండిపోయారని చెల్లెలు తరువాతెప్పుడో చెబితే, నేను పెద్దగా నవ్వాను. ఇవాళ నవ్వు రావడం లేదు.